పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో ఆయిల్ లీకు: చెమ్మ, చుక్క, ధార

ఎంజీబీ కారు కింద పడుకుని, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే బెల్ హౌసింగ్ అడుగు భాగం చూస్తే చిన్న రంధ్రం ఒకటి కనిపిస్తుంది. అందులో ఒక స్ప్లిట్ పిన్ను వదులుగా వేలాడుతుంటుంది. ఆ పిన్ను దేన్నీ పట్టి ఉంచదు. బండి అదురుకు అటూ ఇటూ కదులుతూ రంధ్రంలో మట్టీ జిడ్డూ పేరుకోకుండా చూడటమే దాని పని. లోపలికి చేరిన ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి చిమ్మకుండా కిందికి జారిపోవాలని ఆ దారి వదిలారు. అంటే ఈ కారు గీసినవాళ్లకు అక్కడికి కొంత ఆయిల్ వస్తుందని ముందే తెలుసు. ఎంత వస్తే ఫర్వాలేదు, ఎంత వస్తే చేయి పెట్టాలి అన్నది యజమాని తేల్చుకోవాలి.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. బ్రిటిష్ కారంటే ఆయిల్ కారడం సహజమేనని వదిలేసి, చివరికి క్లచ్ జారుతున్నప్పుడో బ్రేకు పట్టనప్పుడో మేలుకోవడం ఒకటి. నేల మీద నాలుగు చుక్కలు చూడగానే ఇంజను దింపించి వెనక సీల్ మార్పించడం రెండోది. రెండో పొరపాటుకు ఖర్చు చాలా ఎక్కువ. పైగా నెల తిరక్కుండానే అదే చోట అవే చుక్కలు మళ్లీ పడతాయి, ఎందుకంటే లీకుకు మూలం చాలాసార్లు సీల్ కాదు. క్రాంక్‌కేస్ (ఇంజను కింది భాగపు పెట్టె) లోపల పెరిగిన ఒత్తిడి, బోల్టులు బిగించి బిగించి వంచేసిన రేకు అంచు, ప్యాకింగ్ వేసినవాడి తొందర, ఈ మూడింటి కిందే ఎక్కువ లీకులు తేలతాయి.

తీవ్రతను చెప్పడానికి తెలుగులో మంచి మాటలే ఉన్నాయి. లోహం మీద తడి మెరిసి, దుమ్ము అంటుకుని, చుక్కగా రాలకపోతే అది చెమ్మ. బండి నిలబెట్టినచోట మచ్చ పడితే చుక్క. ఇంజను తిరుగుతుంటే ఆగకుండా కారితే ధార. సుమారుగా 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. రాత్రికి పది చుక్కలు పడే బండి నెలకు 15 మిల్లీలీటర్లు పోగొట్టుకుంటుంది. ఎంజీబీ ఇంజను ఫిల్టరుతో కలిపి పట్టే ఆయిల్ 4.26 లీటర్లు, కనుక ఆ నష్టాన్ని ఇంజను గుర్తించనైనా గుర్తించదు. అదే బండి నడుస్తున్నప్పుడు మూడు సెకన్లకో చుక్క రాలితే గంటకు 60 మిల్లీలీటర్లు. నిలబెట్టిన చోటి మచ్చ ఒక్కటే చూసి రెండో సంగతి తెలుసుకోలేం.

తాకకుండా ఆపే సీల్

ఈ కార్లకు ఆయిల్ కారే బళ్లన్న పేరు రావడానికి పెద్ద కారణం, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన ఉంది. ఇప్పటి ఇంజన్లలో అక్కడ రబ్బరు పెదవి ఉన్న ఆయిల్ సీల్ షాఫ్టును చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. 1950ల నాటి ఇంజన్లలో ఎక్కువ భాగం అలా లేవు. షాఫ్టు మీదే మర చుట్టులాంటి గాడి కోసి, దాని చుట్టూ అతి తక్కువ సందుతో, అంగుళంలో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే ఉండేలా, ఒక లోహపు గూడు అమర్చేవారు. షాఫ్టు తిరిగినప్పుడు ఆ గాడి ఆయిల్‌ను మరలాగా లోపలికి తోసేస్తుంది. దేన్నీ తాకదు కాబట్టి అరుగుదల లేదు, రాపిడి లేదు. పనిచేయడానికి మాత్రం మూడు షరతులున్నాయి: షాఫ్టు తిరుగుతూ ఉండాలి, సందు కొలత ప్రకారం ఉండాలి, ఇంజను లోపలి గాలి బయటి గాలి కంటే కొంచెం పలచగా ఉండాలి. ఇంజను ఆపగానే మొదటి షరతు పోతుంది. గూట్లో మిగిలిన కాస్త ఆయిల్ మెల్లగా జారి తెల్లారేసరికి రెండు మూడు చుక్కలవుతుంది. ఆ చుక్కలు జబ్బు కాదు.

ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌లోని ఏ-సిరీస్, పెద్ద హీలీల సి-సిరీస్, ట్రయంఫ్ టీఆర్2 నుంచి టీఆర్4ఏ దాకా వాడిన నాలుగు సిలిండర్ల ఇంజను, జాగ్వార్ ఎక్స్‌కే 3.4, 3.8 లీటర్ల ఇంజన్లు, అన్నింటిలోనూ ఈ పద్ధతే. ఎంజీబీ ఇంజను కుటుంబమైన బి-సిరీస్ మొదట, క్రాంక్ షాఫ్టును మోసే మూడు మెయిన్ బేరింగుల మీద ఇలాగే నడిచింది. ఎంజీబీలో 1964 అక్టోబరు నుంచి అయిదు బేరింగుల క్రాంక్ వచ్చాక వెనక రబ్బరు పెదవి సీల్ కూడా వచ్చింది. జాగ్వార్ 4.2లో గ్రాఫైట్ పట్టించిన తాడు సీల్ ఉంటుంది. తాడును రెండు సగం గూళ్లలో దించి, దానికోసమే చేసిన సైజింగ్ కడ్డీతో నొక్కి కొలతకు తేవాలి. కడ్డీ లేకుండా సుత్తి పిడితో నొక్కేస్తే ఒకచోట వదులు, ఒకచోట బిగువు అయి, బిగువైన చోట తాడు మాడుతుంది.

ఈ మరగాడి పద్ధతి ఒక్క బ్రిటన్‌దే అనుకోవడం తప్పు. జర్మనీ ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో క్రాంక్ పుల్లీ దగ్గర ఉన్నదీ ఇదే. బ్రిటిష్ ఇంజన్ల చిక్కు వాటి దీర్ఘాయుష్షు. 1947లో పుట్టిన బి-సిరీస్ కుటుంబం 1980లో ఎంజీబీ ఆగేదాకా నడిచింది. రోడ్డు మీద మిగతా కార్లు మారిపోయాక కూడా ఇవి కొత్తగా అమ్ముడవుతూనే ఉన్నాయి, పోలికలో వెనకబడ్డాయి. తెలుగు నేల మీద ఈ కుటుంబం పరాయిదేమీ కాదు. హిందుస్థాన్ అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, 1955లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుతో వచ్చిన 1489 సీసీ ఇంజనూ అదే బి-సిరీస్. అంబాసిడర్ పక్క కవర్లకు కార్క్ ప్యాకింగులు వేసిన చేతికి ఎంజీఏ ఇంజను చూడగానే తెలిసిపోతుంది.

ముందు ఊపిరి చూడాలి

సీల్ కిట్ కొనే ముందు చేయాల్సిన పని ఇది. ఎంత మంచి ఇంజనులోనైనా పిస్టన్ రింగులు దాటి కాస్త గ్యాసు కిందికి దిగుతుంది. దానికి దారి దొరక్కపోతే ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను వెంటబెట్టుకుని బయటపడుతుంది. మరగాడి సీల్ మీద ఈ దెబ్బ మరీ ఎక్కువ. లోపలినుంచి గాలి తోస్తుంటే ఆ గాడి ఎంత తిరిగినా ఆయిల్‌ను వెనక్కి తేలేదు.

ఎంజీబీలో ముందువైపు టాపెట్ పక్క కవరుకు ఒక డబ్బాలాంటి బ్రీథర్, అంటే ఆ గ్యాసు బయటికి పోయే దారి, ఉంటుంది. దాని లోపల తీగ జల్లెడ ఉంటుంది. ఏళ్ల మసి, ఆయిల్ కలిసి ఆ జల్లెడ తారు ముద్దలా మారిపోతుంది. కవరు విప్పి, డబ్బాను కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, గాలి కొట్టి, నోటితో ఊదితే అడ్డు లేకుండా ఊపిరి పోవాలి. దానికి కలిసే రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి మూసుకుపోయిందేమో కూడా చూడాలి. బయటికి గొట్టం బాగానే కనిపిస్తుంది. 1964 నుంచి 1968 దాకా వచ్చిన బళ్లలో ఇన్‌లెట్ మానిఫోల్డ్ మీద గుండ్రటి పీసీవీ వాల్వు (క్రాంక్‌కేస్ గ్యాసు పీల్పును అదుపు చేసేది) ఉంటుంది. దాని రబ్బరు డయాఫ్రమ్ చిరిగితే పీల్పు అదుపు తప్పుతుంది. ఆ తర్వాతి బళ్లలో గొట్టం వై-ముక్కగా చీలి రెండు ఎస్‌యూ కార్బురేటర్లకు వెళుతుంది. కార్బురేటర్ మార్చినవాళ్లు ఆ గొట్టాన్ని తీసేసి, బ్రీథర్‌కు చిన్న ఫిల్టరు తగిలించి వదిలేయడం చాలా బళ్లలో కనిపిస్తుంది. గ్యాసుకు దారైతే ఉంటుంది గానీ లాగే శక్తి పోతుంది. ఆ మార్పు తర్వాతే లీకు మొదలైతే కారణం కోసం ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

ఆయిల్ పోసే మూత కూడా ఈ ఊపిరిలో భాగమే. చాలా ఏళ్ల ఎంజీబీల్లో ఆ మూతలోనే ఫిల్టరూ, కొలత ప్రకారం పెట్టిన చిన్న దారీ ఉన్నాయి. తాజా గాలి అక్కడినుంచి తగినంతే లోపలికి రావాలి. మెరుపు కోసం రంధ్రం లేని క్రోమ్ మూత పెడితే తాజా గాలి రాక లోపల తేమ చేరి, ఆయిల్ ముద్ద కడుతుంది. రంధ్రం పెద్దదైతే లాగిన పీల్పంతా అక్కడే చల్లారిపోతుంది. తర్వాతి కొన్ని బళ్లకు మూత మూసే ఉంటుంది, గాలి రాకర్ కవరుకున్న సన్నని గొట్టం ద్వారా వస్తుంది. ఏ బండికి ఏ మూతో సరిచూసి కొనాలి. ఇంత చవకైన భాగం ఇన్ని లీకులకు కారణమవుతుందని చెబితే చాలామంది నమ్మరు.

లోపలి ఒత్తిడి ఎటు ఉందో ఇంట్లోనే చూడొచ్చు. పాత మూత ఒకటి తీసుకుని, దాని మామూలు గాలి దారి మూసి, నడుమ రంధ్రం చేసి, రెండు మీటర్ల పారదర్శక గొట్టం గాలి పోకుండా అమర్చాలి. గొట్టాన్ని యు ఆకారంలో కిందికి వేలాడదీసి, వంపులో ఒక జానెడు నీళ్లు పోయాలి. ఇంజను బాగా వేడెక్కాక ఐడిల్‌లో చూడాలి. నీరు ఇంజను వైపు కొమ్ములో పైకి లేస్తే లోపల పీల్పు ఉంది, మంచిదే. బయటి కొమ్ములో లేస్తే ఇంజను గాలిని తోస్తోంది. రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర కూడా చూడాలి, ఐడిల్‌లో బాగుండి అక్కడ తిరగబడే ఇంజన్లు ఉంటాయి. గొట్టం పొడుగ్గా ఉండటం ముఖ్యం. పీసీవీ వాల్వు తెరుచుకుని ఇరుక్కుని ఉంటే పీల్పు బలంగా ఉండి నీటిని ఇంజనులోకి లాగేస్తుంది.

బ్రీథర్ శుభ్రంగా ఉన్నా ఇంజను తోస్తూనే ఉంటే రింగులు, సిలిండర్ గోడలు చూడాలి. ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొసకు తెచ్చి ప్లగ్గు రంధ్రం గుండా గాలి ఎక్కించి, ఆయిల్ పోసే చోట చెవి పెడితే బుస్సుమనే చప్పుడు ఏ సిలిండర్‌లో ఎక్కువో తెలుస్తుంది. అలాంటి ఇంజనుకు సీళ్లు మార్చి లాభం లేదు, బోరింగ్ పనే చేయించాలి.

చుక్క పుట్టిన చోటు

ఆయిల్ చాలావరకు రెండు దిక్కులకే ప్రయాణిస్తుంది: కిందికి, గాలి తోస్తే వెనక్కి. కాబట్టి తడి ఉన్న భాగాల్లో అన్నిటికంటే పైనా అన్నిటికంటే ముందూ ఉన్నదే అనుమానితం. ఇంజనును కిరోసిన్, బ్రష్షుతో పొడి లోహం కనిపించేదాకా కడగాలి. సగం కడిగితే పాత జిడ్డు వేడికి కరిగి కొత్త లీకులా కనిపిస్తుంది. ఆరాక అనుమానం ఉన్న అతుకుల మీద టాల్కం పౌడర్ చల్లి పది కిలోమీటర్లు నడపాలి. తెల్లటి పొడిలో ముదురు గీత ఎక్కడ మొదలైందో అదే మూలం. పౌడర్ నిలవని చోట ఆయిల్‌లో కలిపే యూవీ రంగు, నీలి టార్చి వాడొచ్చు. బండి కింద పెద్ద అట్ట ముక్క పరిచి, చక్రాల స్థానాలు గీసి, చుక్కల పక్కన తేదీ రాస్తూ పోతే నెల తిరిగేసరికి ఏది పెరుగుతోందో ఏది నిలకడగా ఉందో కళ్లముందు ఉంటుంది.

కారేది ఏ నూనో కూడా తేల్చుకోవాలి. ఎంజీబీ గేర్‌బాక్సులో పోసేది కూడా ఇంజను ఆయిలే, 20డబ్ల్యూ-50. బెల్ హౌసింగ్ రంధ్రం నుంచి వచ్చింది ఇంజనుదో గేర్‌బాక్సుదో వాసనతో తెలియదు. తెల్ల కాగితం మీద పట్టి చూస్తే నల్లగా ఉన్నది ఇంజనుది, తేనె రంగులో ఉన్నది చాలావరకు గేర్‌బాక్సుది. ఇంజను ఆయిల్ అప్పుడే మార్చి ఉంటే ఈ పరీక్ష పనికిరాదు. ట్రయంఫ్ టీఆర్6 గేర్‌బాక్సులో గేర్ ఆయిల్ ఉంటుంది, గంధకం ఘాటు వల్ల ముక్కుకు వెంటనే తెలుస్తుంది. వెనక చక్రం లోపల తడి ఉంటే నీళ్లు పోసి చూడాలి. మామూలు బ్రేకు ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, యాక్సిల్ ఆయిల్ నీటి మీద తేలుతుంది. ముందు చక్రాల దగ్గర కారేది లీవర్ షాక్ అబ్సార్బర్ నూనె కావచ్చు, దానికీ ఇంజనుకూ సంబంధం లేదు.

వెనక మెయిన్ సీల్ పోయిందని తీర్పు చెప్పే ముందు రెండు చోట్లు తప్పకుండా చూడాలి. మొదటిది రాకర్ కవర్ వెనక మూల. మన షెడ్లలో దీన్నే టాపెట్ కవర్ అంటారు. ఈ కార్లలో ఇంజను వెనక్కి కొద్దిగా వాలి కూర్చుంటుంది, అందుకని కవరు కింద ఆయిల్ వెనక మూలకే చేరుతుంది. అక్కడ ప్యాకింగ్ జారితే ఆయిల్ బ్లాకు వెనక గోడ వెంబడి జారి సరిగ్గా బెల్ హౌసింగ్ అతుకు దగ్గర తేలుతుంది. రెండోది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వెనక దాక్కున్న రెండో టాపెట్ పక్క కవరు. వేలు పెట్టడానికే కష్టమైన చోటు కాబట్టి చాలా ఏళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోరు, మానిఫోల్డ్ వేడికి కార్క్ బిస్కెట్టులా ఎండిపోతుంది. అక్కడ మొదలైన లీకు కూడా చివరికి బెల్ హౌసింగ్ దగ్గరే చుక్కలుగా రాలుతుంది. ఎంజీబీలో గేర్‌బాక్సును కిందినుంచి విడిగా దింపలేరు, ఇంజను పైకి తీయక తప్పదు. అంత పని పెట్టుకునే ముందు ఈ రెండు చోట్లూ చూడటానికి అరపూట చాలు.

రేకు, కార్క్, బిగువు

రాకర్ కవరు, పక్క కవర్లు, కింద ఆయిల్ చాంబర్ అన్నీ పలచటి రేకుతో అచ్చొత్తినవే. వీటి బిగువు చాలా తక్కువ. ఎంజీబీ రాకర్ కవర్ నట్టుకు 4 పౌండ్-అడుగులు, అంటే సుమారు 5.4 న్యూటన్ మీటర్లు. చాంబర్ బోల్టులకు 6 పౌండ్-అడుగులు, సుమారు 8 న్యూటన్ మీటర్లు. పొడుగు పానాతో చేయి బరువు వేస్తే దీనికి మూడింతలు దాటిపోతుంది. లీకు కనిపించగానే ఇంకో చుట్టు బిగించడం అలవాటు. ఒక్కో చుట్టుకూ బోల్టు రంధ్రం చుట్టూ రేకు గిన్నెలా లోపలికి దిగుతుంది, రంధ్రాల నడుమ అంచు పైకి లేస్తుంది. ఆ తర్వాత బోల్టు దగ్గర కార్క్ చితికిపోయి, నడుమ వదులుగా ఉంటుంది. లీకు నడుమనుంచే వస్తుంది.

అలా వంగిన చాంబర్‌ను విప్పి, అంచును గాజు పలక మీద బోర్లించి, కింద టార్చి వేస్తే వెలుతురు వచ్చే సందులన్నీ కనిపిస్తాయి. అంచు కింద గట్టి చెక్క దిమ్మ ఆనించి, పొంగిన ప్రతి రంధ్రం చుట్టూ చిన్న సుత్తితో మెత్తగా కొట్టి సమం చేయాలి. గాజు మీద వెలుతురు ఆగేదాకా ఓపిగ్గా చేయాల్సిందే. కొత్త ప్యాకింగ్ ఎంత ఖరీదైనదైనా ఈ పని చేయకుండా వేస్తే వృథా.

కార్క్ ప్యాకింగ్ షెల్ఫులో ఉండి ఎండిపోతే కుంచించుకుపోతుంది, రంధ్రాలు కలవవు. గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెడితే మళ్లీ కొలతకు వస్తుంది. లాగి సాగదీస్తే చీలిపోతుంది. రాకర్ కవరుకు ప్యాకింగ్ వేసేటప్పుడు కవరు వైపు మాత్రమే బంక రాసి, ఏదో చదునైన దాని మీద బోర్లించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి వదలాలి. హెడ్డు వైపు పలచగా గ్రీజు చాలు. ఇలా చేస్తే టాపెట్లు సరిచేయడానికి కవరు విప్పిన ప్రతిసారీ ప్యాకింగ్ చెడిపోదు. కవరు నట్ల కింద ఉండే రబ్బరు బుష్షులు గట్టిపడితే ఆయిల్ స్టడ్ వెంబడి పైకి వస్తుంది. జాగ్వార్ ఎక్స్‌కే క్యామ్ కవర్ల గుమ్మటం నట్ల కింద రాగి వాషర్లు ఉంటాయి. రాగి ఒకసారి నొక్కుకుంటే గట్టిపడుతుంది. కొత్తవి వేయాలి, లేదా పాతవాటిని ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరచాలి.

చాంబర్ ముందూ వెనకా మెయిన్ బేరింగ్ క్యాపుల మీదుగా పోయే అర్ధచంద్రపు కార్క్ పట్టీలదే అసలు పరీక్ష. పట్టీ కొసలు అంచు పైకి ఒకటిన్నర మిల్లీమీటరు నిలబడాలి. పొడుగ్గా ఉందని అంచుతో సమంగా కోసేస్తే బిగించాక మూలలో సూదిమొన సందు మిగిలిపోతుంది. పట్టీ, పొడుగు ప్యాకింగ్ కలిసే నాలుగు మూలల్లో గోధుమ గింజంత సీలెంట్ పెట్టాలి. సిలికాన్‌ను మూరెడు పొడవున పూసేవాళ్లు లోపలివైపు ఏం జరుగుతుందో చూడరు. అటు పిండుకున్న ముక్కలు ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. అప్పుడు పోయేది బేరింగులే. చదునుగా మిల్లు చేసిన లోహపు అతుకులకు గట్టిపడని హైలోమార్ సీలెంట్ పలచగా రాస్తే చాలు.

ట్రయంఫ్ కార్లకు వాటి సొంత చిక్కులున్నాయి. టీఆర్2–టీఆర్4ఏ ఇంజనులో వెనక మెయిన్ క్యాప్ పక్కల నిలువు గాళ్లలో ఫెల్టు కూరాలి. ఒక్కో ముక్కకు సీలెంట్ తడిపి, చదును కొస ఉన్న కడ్డీతో కూరుతూ గాడి నిండేదాకా దించాలి. ఏ కొంచెం ఖాళీ వదిలినా మరగాడి సీల్ మీదికి నింద వస్తుంది. ఆ సీల్ రెండు అల్యూమినియం సగాలను కొలత కడ్డీ పెట్టి షాఫ్టుకు కేంద్రంగా అమర్చాలి, కంటి అంచనా పనికిరాదు. స్పిట్‌ఫైర్, జీటీ6, టీఆర్6 ఇంజన్లలో ముందు మెయిన్ క్యాప్ కింద అల్యూమినియం సీలింగ్ బ్లాకు ఉంటుంది. దాని కొసల్లో చెక్క చీలికలు దిగగొట్టి, అంచుతో సమంగా కోస్తారు. చాంబర్ ముందు బోల్టులు ఆ మెత్తటి అల్యూమినియంలోకే బిగుస్తాయి, ఎక్కువ బిగిస్తే మరలు ఊడిపోతాయి. ఉక్కుతో చేసిన బ్లాకులు దొరుకుతున్నాయి, ఇంజను విప్పినప్పుడు అది వేయడమే మంచిది. లోటస్ ఎలాన్ ట్విన్ క్యామ్ ఇంజనులో హెడ్డుకూ ముందు కవరుకూ మధ్య కార్క్ ముక్క ఉంటుంది. హెడ్డు దించేటప్పుడు అది కాస్త జరిగినా మళ్లీ హెడ్డు ఎత్తాల్సిందే.

టైమింగ్ కవర్ దగ్గర జరిగే తప్పు వేరు. బోల్టు రంధ్రాల్లో కాస్త వదులు ఉంటుంది కాబట్టి కవరు షాఫ్టుకు కేంద్రంగా కూర్చుందన్న హామీ లేదు. కవరును వదులుగా పెట్టి, ఆయిల్ రాసిన క్రాంక్ పుల్లీని సీల్ గుండా లోపలికి తోసి, పుల్లీయే కవరును సరైన చోటుకు తెచ్చాక బోల్టులు బిగించాలి. సీల్ వెనక ఉండే ఆయిల్ త్రోయర్ పళ్లెం మీద ‘ఎఫ్’ అక్షరం ఉంటే ఆ వైపు ముందుకు చూడాలి. పుల్లీ మెడ మీద గోరు పెట్టి గీస్తే గాడి తగిలితే కొత్త సీల్ నిలవదు. సుమారు 0.28 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు తొడుగు ఎక్కిస్తే మెడ మళ్లీ నున్నగా అవుతుంది. తొడుగు లేకపోతే సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి, పెదవి అరగని చోట ఆనేలా కొట్టడం కూడా ఒక దారి.

ఇంజను దింపక తప్పని రోజు వస్తే సీల్ ఒక్కటే మార్చి మూయడం తెలివితక్కువ పని. వెనక ప్లేటు ప్యాకింగ్, ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు, గేర్‌బాక్స్ ముందు కవర్ సీల్, దాని వెనక సీల్, స్పీడోమీటర్ డ్రైవ్ సీల్ అన్నీ అప్పుడే చూడాలి. స్పీడోమీటర్ సీల్ పోతే ఆయిల్ కేబుల్ వెంబడి పైకి ఎక్కి మీటరు అద్దం లోపల కనిపించేదాకా వస్తుంది.

చుక్కతో మొదలుకానివి

ఇంతవరకు చెప్పినవి మెల్లగా జరిగేవి, హెచ్చరిక ఇస్తాయి. ఒత్తిడి ఉన్న వైపు లీకులు అలా కాదు. ఎంజీబీ నడుస్తున్నప్పుడు ఆయిల్ ప్రెషర్ 50–80 పీఎస్ఐ ఉంటుంది. ప్రెషర్ గేజీకి బ్లాకు నుంచి పోయే చిన్న రబ్బరు గొట్టం, ఆయిల్ కూలర్ గొట్టాలు రెండూ ఆ ఒత్తిడిలోనే ఉంటాయి. వాటిలో ఏది పగిలినా ఇంజను నిమిషాల్లో ఎండిపోతుంది. గొట్టాన్ని వేళ్ల మధ్య వంచి చూస్తే పైపొరలో పగుళ్లు కనిపిస్తే ఆ రోజే మార్చాలి. బాడీ రేకుకు రాసుకునే చోట రబ్బరు గ్రోమెట్ ఉందో లేదో చూడాలి. బయటి మచ్చల మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ మూడు గొట్టాల మీద పెడితే ఎన్నో ఇంజన్లు బతుకుతాయి.

డబ్బా కిందికి వేలాడే పాత తరహా ఫిల్టరుదీ ఇదే కోవ. ఫిల్టర్ తల లోపలి గాడిలో రబ్బరు రింగు ఉంటుంది. ఆయిల్ మార్చేటప్పుడు పాత రింగు నల్లబడి లోహంలా కనిపిస్తుంది. దాన్ని తీయకుండా కొత్తది పైన పెడితే డబ్బా కూర్చున్నట్టే ఉంటుంది, ఇంజను స్టార్ట్ చేయగానే ధార కడుతుంది. మొన ఉన్న సూదితో గాడి అంతా తిప్పి పాతది బయటికి తీశాకే కొత్తది పెట్టాలి. స్టార్ట్ చేశాక ఒక నిమిషం కింద చూడకుండా బండి కదపకూడదు.

వెనక యాక్సిల్ లీకును చిన్నచూపు చూడకూడదు, అది చేరేది బ్రేకు షూల మీదికి. యాక్సిల్ పైన చిన్న బ్రీథర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడికి లోపలి గాలి పెరిగి హబ్ సీళ్లను దాటించి ఆయిల్‌ను తోస్తుంది. సీల్ కొనే ముందు ఆ బ్రీథర్‌ను విప్పి ఊది చూడాలి. ఆయిల్ మట్టం కూడా బండి సమనేల మీద ఉన్నప్పుడు నింపే రంధ్రం అంచు వరకే ఉండాలి. ఎంజీబీ ట్యూబ్ యాక్సిల్‌కు 0.85 లీటరు సరిపోతుంది. పినియన్ సీల్ మార్చేటప్పుడు నట్టు స్థానాన్ని ముందే గుర్తు పెట్టుకుని అక్కడికే తేవాలి. లోపల నలిగే స్పేసర్ ఉంటుంది. గుర్తు దాటి బిగిస్తే బేరింగుల బిగువు పెరిగి, లీకు ఆగినా యాక్సిల్ ఊళ పెడుతుంది. జాగ్వార్ ఈ-టైప్‌లో వెనక డిస్కులు చక్రాల దగ్గర కాకుండా డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి. బ్రేకుల వేడి నేరుగా అవుట్‌పుట్ సీళ్లను ఉడికిస్తుంది, సీల్ పోయిన మరుక్షణం ఆయిల్ డిస్కు మీదే పడుతుంది. ఆ కారులో డిఫరెన్షియల్ పక్కన కనిపించేది చెమ్మే అయినా ఆగకూడదు.

లీకు ఆపుతామని ఆయిల్‌లో కలపమనే సీసాల సంగతి. అవి గట్టిపడిన రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. రబ్బరు పెదవి సీల్ ఉన్నచోట కొంతకాలం ఫలితం కనిపించవచ్చు. మరగాడి సీల్‌లో ఉబ్బడానికి రబ్బరే లేదు, ఎండిన కార్క్ వాటికి లొంగదు, వంగిన రేకును అవి చదును చేయలేవు. ఆయిల్ మాత్రం బండి పుస్తకంలో చెప్పిన 20డబ్ల్యూ-50 ఉండాలి. పలచటి సింథటిక్ పోస్తే ఏళ్లుగా సందుల్లో కూర్చున్న మడ్డి కరిగి, అప్పటిదాకా లేని చోట్ల చెమ్మ మొదలవుతుంది.

పని ముగిశాక కొత్త కార్క్ రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారితే కాస్త కూర్చుంటుంది. నూరు కిలోమీటర్లు తిరిగాక, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చాంబర్ బోల్టులను, కవర్ నట్లను అదే టార్క్ పానాతో అదే కొలతకు మళ్లీ ఒకసారి చూడాలి, అంతకు మించి బిగించకూడదు. బెల్ హౌసింగ్ కింద స్ప్లిట్ పిన్ను వేలితో కదిపితే ఆడుతోందో లేదో చూసి, శుభ్రమైన అట్ట ముక్క పరిచి, దాని మీద ఆ రోజు తేదీ రాయాలి.